అప్ప వాటా

పొద్దున్నే పోలమ్మ దగ్గర్నుంచి ఫోన్ వచ్చిందంటే పెద్దవల ఒడ్డుకు చేరిందని అర్థం.

"అమ్మా, అప్ప వాటా తీసెట్టినాం. బేగి ఒచ్చి అట్టికెల్లండి. కాకులు సేరిపోతన్నాయి."

"మా ఇంట్లో చేపలు తినరని నీకు తెలుసు కదా పోలమ్మా."

"మిమ్మల్ని తినమన్నానేటి? అట్టికెల్లమన్నాను."

అంతే, పెట్టేస్తుంది. కాలేజీ లేని రోజైతే నేను కాశీబుగ్గలో ఆటో ఎక్కి, పూండి మీదుగా జీడితోటలు దాటి సముద్రం ఒడ్డున ఉన్న పోలమ్మ వాళ్ళ ఊరు వెళ్తాను. కాలేజీ ఉన్న రోజైతే ఇటు వచ్చే ఆటోవాడి చేత పంపిస్తుంది. చేపలు మా ఎదురింటికి పోతాయి. ఎదురింటివాళ్ళు ఈమధ్య నన్ను కాస్త ఎక్కువ ప్రేమగానే పలకరిస్తున్నారు.

ఆ వాటా గల అప్పది ఆ ఊరు కాదు, ఈ దేశమే కాదు. మా వైపు అక్కని అప్ప అంటాం. ఒక విదేశీ ప్రొఫెసరమ్మ వచ్చి ఈ ఒడ్డు మీద ఒక ఏడాదిలో అందరికీ అప్ప అయిపోయింది. ఆవిడ పేరు రాయనని మాటిచ్చాను, దేశం పేరు కూడా. "రాస్తే నాకేం కాదు. అక్కడ మా చెల్లెలి ఇంటి తలుపు కొడతారు" అంది. అందుకని ఇక్కడ కూడా అప్ప అనే రాస్తాను.

నేను పలాసలో డిగ్రీ పిల్లలకి ఎకనామిక్స్ చెబుతాను. యూనివర్సిటీలో నాకు చదువు చెప్పిన మాస్టారు ఒకరోజు ఫోన్ చేసి, "మీ మేడ మీద గది ఖాళీయేనా?" అని అడిగారు. ఖాళీయే అన్నాను. తమ దేశంలో ఏదో రాసినందుకో, ఏదో పాఠం చెప్పినందుకో ప్రాణం మీదికి వచ్చిన పంతుళ్ళు ఉంటారట. అలాంటివాళ్ళని వేరే దేశాల యూనివర్సిటీలు పిలిచి, ఒక ఏడాదో రెండేళ్ళో తిండికీ బసకీ లోటు లేకుండా చూసి, వాళ్ళ పని వాళ్ళని చేసుకోనిస్తాయట. దానికో ఫెలోషిప్ ఉందట. అలా ఒకావిడ మన యూనివర్సిటీకి వస్తోందని, సముద్రం దగ్గర ఉండి పని చేసుకుంటానంటోందని చెప్పారు.

"ఏం పనండీ ఆవిడది?"

"చేపలు పట్టేవాళ్ళు దొరికినదాన్ని ఎలా పంచుకుంటారో రాస్తుంది."

"అంత మెత్తని సంగతికి ప్రాణం మీదికి రావడమేమిటి?"

"పంచుకోవడం గురించి రాసినన్నాళ్ళూ ఎవరూ ఏమీ అనలేదమ్మా. ఒడ్డు ఎవరిదో రాసింది. అక్కడొచ్చింది తంటా."

నేను ఎవరో నీరసంగా, కళ్ళకింద నల్లచారలతో, మాట పెగలని మనిషి వస్తుందనుకున్నాను. ఓదార్పు మాటలు ఇంగ్లీషులో నాలుగు సిద్ధం చేసుకున్నాను కూడా. పలాస స్టేషన్లో రైలు దిగింది ఆరడుగుల మనిషి. తెల్ల క్రాపు, జీడిపండులాంటి ఎర్రటి బుగ్గలు, నెత్తిమీద పెద్ద గడ్డిటోపీ. నా చేయి పట్టుకుని ఊపిన ఊపుకి నా ఓదార్పు మాటలు నాలుగూ రాలిపోయాయి. ఆటోలో మేమిద్దరం వెనక కూర్చుంటే నాకు సగం చోటే మిగిలింది. దారిపొడుగునా కనబడ్డ ప్రతిదాన్నీ చూపించి అడగడం మొదలుపెట్టింది. ఆ కొబ్బరిచెట్టు ఎవరిది? ఆ చెరువు ఎవరిది? చెరువులో తామరాకులు చెరువు గలవాడివేనా, వేరేవాళ్ళవా?

ఆవిడ చదువంతా ఆ ఒక్క ప్రశ్నే. ఒడ్డు మీద పోలమ్మ వాళ్ళ దగ్గర తెలుగు నేర్చుకున్నాక అదే "ఇది ఎవుల్ది?" అయింది. కుక్క కనబడితే ఎవుల్ది, గాలికి రాలిన పనసపిందె ఎవుల్ది, ఊళ్ళో తెల్లారి వినబడే పాటల మైకు ఎవుల్ది. మా అత్తగారు దేవుడి దగ్గర కొబ్బరికాయ కొడుతుంటే, "దేవుడు తినడు కదా, ఇప్పుడిది ఎవుల్ది?" అని అడిగి చెరిసగం పంచుకుంది.

నేను ఆలస్యంగా కనిపెట్టిన సంగతి ఒకటుంది. వీధిలో మోటారుసైకిలు ఆగిన చప్పుడైతే ఆవిడ నవ్వు మధ్యలో ఆగిపోయేది. చేయి దానంతటది ఫోన్ మీదికి వెళ్ళి దాన్ని ఆపేసేది. "ఆ బండి ఎవుల్ది?" అనేది. "పాలబ్బాయిది" అంటాను. "మంచిది" అని నవ్వు ఎక్కడ ఆపిందో అక్కడినుంచి మొదలుపెట్టేది. ఆ ప్రశ్న చదువు కోసం అడుగుతోందో, భయం తీరడానికి అడుగుతోందో అన్నిసార్లూ తెలిసేది కాదు. ఆవిడకైనా అన్నిసార్లూ తెలుసనుకోను.

వచ్చిన వారంలోనే నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్ళింది. పెద్దవల పడుతున్నారు. వలని పడవలో తీసుకెళ్ళి సముద్రంలో దూరంగా చుట్టి వేస్తారు. దాని రెండు కొసల తాళ్ళు ఒడ్డుమీద జనం చేతుల్లో ఉంటాయి. మగా ఆడా బారులు తీరి, పాట పాడుకుంటూ గంటలకొద్దీ లాగుతారు. అప్ప కాసేపు చూసింది. చెప్పులు విడిచి నా చేతిలో పెట్టి, ఎవరినీ అడక్కుండా వెళ్ళి బారు చివర తాడు పట్టుకుంది. ఆ సైజు మనిషి వెనక చేరేసరికి తాడు ఒక్కసారి బిగిసి, ముందున్న నలుగురు వెనక్కి తిరిగి చూశారు.

వల ఒడ్డెక్కింది. కవళ్ళు, కానాగంతలు, వెండిరేకుల్లా నెత్తళ్ళు. అమ్మేవి పక్కకి తీశాక, వలపెద్ద దానయ్య ఇంటి కూరకని ఇసకలో వరసగా కుప్పలు వేస్తూ వచ్చి ఒక కుప్ప అప్ప కాళ్ళ ముందు వేశాడు. ఆవిడ చేతులు అడ్డంగా ఊపింది. పరిశోధన చేసేవాళ్ళు ఊరివాళ్ళ దగ్గర ఏమీ తీసుకోకూడదని వాళ్ళకో నియమం. అదే నాతో చెప్పించింది.

దానయ్య తల గోక్కున్నాడు. "తాడట్టుకుందా నేదా, మేడంగోరూ?"

"పట్టుకుంది."

"మరి వాటా ఉంతాది. ఒద్దంతే ఏటి సేత్తాం? ఆవిడ సెయ్యేసినందుకు ఒచ్చిన సేపని ఏరి మల్లీ సంద్రంలో ఒగ్గీమంతారా?"

నేను తర్జుమా చేశాను. అప్ప ఆ కుప్పకేసి, తన చేతులకేసి చూసుకుంది. టోపీ తీసి చేపలన్నీ అందులో ఎత్తుకుంది. కాశీబుగ్గ వచ్చేదాకా ఆటోలో ఆ టోపీ నా ఒళ్ళోనే ఉంది. ఆ మధ్యాహ్నం నుంచి మా వీధి పిల్లులు ఆవిడ టోపీని మరిచిపోలేదు.

మా అత్తగారికి వాసన గుమ్మంలోనే తెలిసింది. మాది చేప వండని ఇల్లు, పెరట్లో కూడా. అప్ప టోపీతో సహా పెరటి గుమ్మంలో నిలబడి, అప్పటికి వచ్చిన రెండు మూడు ముక్కల్లో, "అమ్మా. తాడు. సెయ్యి. ఒద్దనకూడదు" అంది. అత్తగారికి ఏం అర్థమైందో గానీ, "పెరటి మునగచెట్టు అవతల మూడు రాళ్ళు పెట్టుకోమను. గాలి ఇటు రాకుండా చూసుకోమను" అంది. నెల తిరిగేసరికి అత్తగారే మునగచెట్టుకి ఇవతల పీట వేసుకుని కూర్చుని, చింతపండు ఎంత వెయ్యాలో, మెంతిపొడి ఎప్పుడు వెయ్యాలో చెప్పేది. జన్మలో చేప ముట్టని మనిషి చెప్పిన పులుసు ఎలా ఉండేదో నాకు తెలీదు. అప్ప గిన్నె మాత్రం ఎప్పుడూ ఖాళీగానే కనబడేది.

ఆవిడ తెలుగు సంగతి ఒకటి చెప్పి తీరాలి. యూనివర్సిటీలో ఉపన్యాసం పెట్టారు. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు, మెడలో కార్డులు. అప్ప లేచి, ఇంగ్లీషు కాగితం పక్కన పెట్టి, "అందరూ కూకోండి. నాను సెప్పీది ఇనండి. తెలీకపోతే అడగండి, నాను కోప్పడను" అంది. హాలు గొల్లుమంది. ఆవిడ ఇంకా ఉత్సాహపడింది. మా కాలేజీ నుంచి వచ్చిన, సోంపేటలో పుట్టి పెరిగిన లెక్చరర్ ఒకాయన ఉన్నారు. ఆయన పాతికేళ్ళుగా రేడియో వార్తల్లాంటి తెలుగు తప్ప మాట్లాడగా నేను వినలేదు. ఆ రోజు భోజనాల దగ్గర ఆయన వడ్డించే కుర్రాడితో "బేగెట్టు బావూ, ఆకలేసి సత్తన్నాం" అన్నారు. అని, ఎవరైనా విన్నారా అని కూడా చూసుకోలేదు.

ఇలా నవ్వులతో గడిచిపోతుంటే ఏడాది చివరికి వచ్చేసింది. మాస్టారు ఫోన్ చేసి, ఇక్కడ ఇంకో ఏడాది కుదరదు గానీ వేరే దేశంలో ఒక యూనివర్సిటీ రెండో ఏడాదికి పిలవడానికి సిద్ధంగా ఉందని, ఆవిడ ఊ అంటే చాలని, ఊ అనడం లేదని చెప్పారు. వీసా గడువు దగ్గర పడుతోంది. ఊ అనకపోతే మిగిలేది సొంత దేశమే. అక్కడ ఆవిడ మీద కేసు ఉంది, విమానం దిగిన చోటే పట్టుకుంటారు.

నాకు భయమూ కోపమూ కలిసి వచ్చాయి. ఒడ్డు మీద బోర్లించిన పడవ నీడలో కూర్చుని ఉండగా నిలదీశాను. దానయ్య పక్కనే వల బాగుచేసుకుంటున్నాడు. అతని తమ్ముడు పడవకి ఆనుకుని కూర్చున్నాడు. మా ఈ ఉద్దానం వైపు ఇంటింటికీ తెలిసిన ఆ కిడ్నీ జబ్బే అతనిది కూడా. పలాసకి డయాలసిస్‌కి వెళ్ళి రావడం, మిగతా రోజుల్లో ఇలా నీడన కూర్చోవడం అతని పని.

అప్ప నవ్వింది గానీ ఆ నవ్వు ఆవిడ నవ్వులా లేదు. సగం ఇంగ్లీషూ సగం తెలుగూ కలిపి చెప్పుకొచ్చింది. "అక్కడ నా స్టూడెంట్ ఒక పిల్ల ఉంది. నా పుస్తకం కోసం ఊళ్ళన్నీ తిరిగింది అదే. ఇప్పుడు దాని వెనకా పడుతున్నారు. ఇలాంటి చోట్లు ఎన్నని ఉంటాయి? నేను ఇంకో ఏడాది కూకుంటే దానికి చోటేది? ఊరికే కూకుని తింటన్నాను. సిగ్గుగా ఉంది."

"ఏటంతాది అప్ప?" అన్నాడు దానయ్య.

మొత్తం చెప్పాను. ఫెలోషిప్ అంటే ఏమిటో మాస్టారు నాకు చెప్పినదానికంటే తిన్నగా చెప్పడానికి నానా అవస్థా పడ్డాను. దానయ్య వింటూ వింటూ సూది ఆపాడు.

"అంతేనా? కూకున్నోడి వాటా."

"అంటే?"

"కాలిరిగిపోనాదనుకో, జొరమొచ్చినాదనుకో, మా ఈడికి మల్లే అయినాదనుకో. తాడట్టుకోనేడు. అయినా వలొచ్చినపుడు ఆడి వాటా ఏసీత్తాం. ముందు కూకున్నోడిది, తరవాతే మాది. మా తాతల్నాటి నుంచి ఉన్నదే. ఆయమ్మని ఆల్లూరోలు తాడు ఒగ్గించీసినారు. ఇంకో ఊరోలు వాటా ఏత్తన్నారు. ఇందులో సిగ్గేటి?"

అప్పకి ఈ మాటలు నా తర్జుమా అక్కర్లేకుండానే అందాయి. "మరి నా వెనకోల్లకి?" అంది.

దానయ్య తమ్ముణ్ణి గడ్డంతో చూపించాడు. "ఈడు మొదట్లో నాకొద్దు అన్నాడు. ఊరికే ఎలగ తింతానన్నాడు. నాను ఒకటే సెప్పినాను. ఒరె, నువ్వొద్దంతే రేపు నీ ఎనక కూకున్నోడు ఏటనుకుంతాడు? ఆడొద్దన్నాడు, నానెలగ తీసుకుంతాను అనుకుంతాడు. ఇద్దరు ఒద్దంతే మూడోడికి ఏసీవోడే ఉండడు. తీసుకున్నోడే తరవాతోడికి దారెడతాడు. ఒద్దనీ అక్కు నీకు నేదు."

"అదొక్కటే కాదప్పా," అన్నాడు తమ్ముడు పడవకి ఆనుకునే, "నా వాటా నాను తినకపోతే మా అన్న తినీత్తాడు."

అప్ప పడవ అదిరేలా నవ్వింది. ఆ నవ్వు మాత్రం ఆవిడదే. నవ్వు తగ్గాక ఎప్పటిలాగే ప్రశ్నలు మొదలయ్యాయి. ఎన్నాళ్ళు వేస్తారు? లెగిసీదాకా. లేచాడని ఎలా తెలుస్తుంది? తాడట్టుకుంతాడు. పట్టుకోవడం కుదరకపోతే? "ఆల్లోలు ఎవులో అట్టుకుంతారు" అన్నాడు దానయ్య, తన వాళ్ళంటూ ఉన్నాక అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు, పని మధ్యలో. ఆ సాయంత్రమే ఆవిడ మాస్టారికి ఫోన్ చేసి ఊ అంది.

పలాస స్టేషన్‌కి ఆ ఊరి జనం రెండు ఆటోల్లో వచ్చారు. మా అత్తగారు రానంది గానీ జీడిపప్పు పొట్లం పంపింది. ప్లాట్‌ఫారం మీద అందరూ మొహాలు వేలాడేసుకుని నిలబడితే అప్ప బెంచీ కింద పడుకున్న కుక్కని చూపించి, "ఇది ఎవుల్ది?" అంది.

"అందరిదీనమ్మా" అన్నాడు దానయ్య.

"అయితే మంచిది" అని, దానికి తన బిస్కెట్లన్నీ పెట్టి రైలెక్కింది. నేను ఏడ్చాను. పోలమ్మ నన్ను చూసి, "ఊరుకోండి మేడంగోరూ, అప్ప సచ్చిపోనాదేటి, ఎల్లొత్తంది గానీ" అని తనూ ఏడ్చింది.

ఆ తరవాత వల బాగా పడిన రోజున పోలమ్మ దగ్గర్నుంచి మొదటి ఫోన్ వచ్చింది. ఆవిడ వెళ్ళిపోయింది కదా, ఇంకా వాటా ఏమిటని దానయ్యని అడిగాను. "ఎల్లి అక్కడేటి సేత్తంది? కూకునే ఉంది కదా. లెగనీండి" అన్నాడు. మరి నాకెందుకు పంపడం అంటే, "మీ మేడ మీదున్న మనిసి కాదేటి? ఆవిడోలు మీరే" అన్నాడు. అలా చేపలు తినని మా ఇంటికి చేపలు రావడం స్థిరపడింది.

మొన్న ఒక ఆదివారం పొద్దున అప్ప ఫోన్ చేసింది. అక్కడి యూనివర్సిటీ ఆవిడకి మామూలు ఉద్యోగం ఇచ్చిందట. గడువూ గట్రా లేని ఉద్యోగం. "నాను లెగిసినాను" అని అరిచింది. ఇంకో మాట కూడా చెప్పింది. ఆ స్టూడెంట్ పిల్ల క్షేమంగా దేశం దాటిందట. అదే ఫెలోషిప్ వచ్చిందట. మాస్టారు మన యూనివర్సిటీలోనే చోటు చూశారట. "మీ మేడ మీద గది ఎవుల్ది?" అంది. ఆ పిల్లదేనని చెప్పాను. నాకు ఇంత సంతోషం ఈమధ్య దేనికీ కలగలేదు.

ఫోన్లో చెప్పే కబురు కాదని వెంటనే ఆటో ఎక్కాను. నేను వెళ్ళేసరికి వల సగం దూరం వచ్చింది. దానయ్య విన్నాడు, మొహం వెడల్పయింది. తాడు వదలకుండానే, "అయితే అట్టుకోమనండి" అన్నాడు.

"ఆవిడ అక్కడుంది కదా పెద్దాయనా."

"ఆవిడోలు మీరు కాదేటి?"

చాక్‌పీసు తప్ప బరువు ఎరగని చేతులు నావి. ఈ ఒడ్డుకి నేనెన్నిసార్లు వచ్చానో, అన్నిసార్లూ చెప్పులు పట్టుకుని నిలబడ్డాను తప్ప తాడు ముట్టలేదు. పోలమ్మ నా ఫోన్ లాక్కుని అప్పకి వీడియో కలిపి, ఎత్తి పట్టుకుంది. దుప్పటి కప్పుకుని అప్ప కనబడింది, వాళ్ళకింకా సరిగ్గా తెల్లారలేదు. నేను చెప్పులు విడిచి, చీర కొంగు దోపుకుని, బారు చివర తాడు పట్టుకున్నాను. "ఒంగో, ఒంగి లాగు, కాలు తన్ని లాగు" అని ఫోన్లోంచి కేకలు. నా ముందున్నవాళ్ళు నన్ను చూసి నవ్వడం మొదలుపెడితే పాట ఆగిపోయింది, దానయ్య అందరినీ తిట్టాడు. వల ఒడ్డెక్కేసరికి నా అరచేతులు బొబ్బలెక్కాయి. గొప్పగా అనిపించింది.

దానయ్య కుప్పలు వేశాడు. ముందు తమ్ముడికి. తరవాత వరసగా అందరికీ. ఒకటి నా కాళ్ళ ముందు. "ఇది మీది, మేడంగోరూ. అప్ప వాటా ఇయ్యాలటితో ఎత్తేసినాం." ఒద్దనే హక్కు లేదని నాకు తెలుసు కాబట్టి నోరు మూసుకుని కొంగు పట్టాను.

అప్పుడు అతను వంగి, తమ్ముడి కుప్ప పక్కన ఇంకో కుప్ప వేశాడు. ఎవరూ దాని దగ్గరికి రాలేదు.

ఫోన్లోంచి అప్పకి అదీ కనబడింది. "అది ఎవుల్ది?" అంది.

"ఒచ్చీ పిల్లది," అన్నాడు దానయ్య చేతులు ఇసకలో తుడుచుకుంటూ.

"ఆ పిల్ల ఇంకా ఇటు బయల్దేరలేదు మావా" అంది అప్ప.

"బయల్దేరీదాకా ఏటి తింతాది మరి?"

ఏ జవాబు చెప్పినా ఇంకో ప్రశ్న వేసే అప్ప ఆ రోజు దుప్పటి అంచు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. పోలమ్మ ఫోన్‌ని కుప్ప మీదికి ఇంకా దగ్గరగా వంచి, "సూడప్పా, నెత్తల్లు బాగా పడ్డాయి" అని చూపిస్తూ నిలబడింది.

పూండి ఆటోలో రెండు మూటలతో కూర్చున్నాను. ఆ పిల్లది ఎదురింటికి పోతుంది, ఆమె వచ్చేదాకా. నాది ఏం చెయ్యాలో మా అత్తగారిని అడగాలి. మునగచెట్టు అవతల మూడు రాళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి.